పికిలిపిట్టలు యాడికి పోతయి?

కాన్పుకు వచ్చిన కూతురు రజిత, పసిపిల్లను ఎత్తుకుని అత్తగారింటికి వెళ్ళిపోయింది. దండెం మీద పిల్ల గుడ్డలు లేకపోయేసరికి వాకిలి ఒక్కసారిగా వెడల్పయినట్టు అనిపించింది నర్సమ్మకు. ఆదివారం తను కూడా పుణె బస్సు ఎక్కాలి. భర్త మాసయ్య దీపావళి కాగానే మేస్త్రి ముఠాతో అక్కడికి కూలిపనికి వెళ్ళాడు. కూతురి కాన్పు కోసం ఆమె ఆగిపోయింది. పెళ్ళయ్యాక చలికాలమంతా సొంతూళ్ళో గడపడం ఆమెకు ఇదే మొదటిసారి.

దానిమ్మ చెట్టు పక్కన కూర్చుని గిన్నెలు తోముతోంది. పికిలిపిట్ట ఒకటి నోట్లో ఎండుగడ్డి పోచ పట్టుకుని వచ్చి గోడ మీద వాలింది. నెత్తి మీద నల్లటి కుచ్చు, తోక కింద కుంకుమ అద్దినట్టు ఎరుపు. అటూ ఇటూ చూసి దానిమ్మ కొమ్మల్లోకి దూరింది. కాసేపటికి రెండోది వచ్చింది. నర్సమ్మ చేతిలో పీచు ఆగిపోయింది. కొమ్మ చీలిన చోట చిన్న గిన్నెంత గూడు. అంచులు ఇంకా పూర్తి కాలేదు.

ఏటా తొలకరి వేళ, మిరుగం కార్తెకు ముందు పుణె నుంచి వచ్చి తాళం తీసేసరికి ఈ పిట్ట ఇదే చెట్టు మీద కూసేది. ‘ఇవి కూడా ఇప్పుడే వచ్చినట్టున్నాయి’ అనుకునేది. చలికాలంలో పుణెలో సైటు పక్కన తుమ్మచెట్టు మీద కూడా అదే కూత వినపడేది. మనతోనే వచ్చాయని మాసయ్య అనేవాడు. తట్ట దించి చెమట తుడుచుకునేటప్పుడు ఆ మాట బాగుండేది. అందుకే ఆమె ఎప్పుడూ కాదనలేదు. ఈసారి మాసయ్య వెళ్ళాక, ఇవాళ పోతాయి, రేపు పోతాయి అని చూసింది. చలి వచ్చింది, చలి తగ్గుముఖం పట్టింది. పిట్టలు కదల్లేదు. పైగా ఇప్పుడు గూడు కడుతున్నాయి.

“ఏందే, గిన్నె చేతిల పట్టుకొని నిద్రవోతున్నవా?”

పక్కింటి సుభద్రమ్మ. జొన్నచేనుకు బయలుదేరినట్టుంది, చేతిలో ఖాళీ నూనె డబ్బా, ఒక కట్టె ఉన్నాయి.

“అక్కా, ఒక మాట అడుగుత. గీ పికిలిపిట్టలు యాడాదంత ఈడనే ఉంటయా?”

“ఏ పిట్టలు?”

“గవ్వే, చెట్ల ఉన్నయి జూడు.”

సుభద్రమ్మ చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని చూసింది. ఆ చెట్టుకూ ఆమె ఇంటికీ మధ్య అడ్డం ఒక్క గోడే. “ఏమోనే. ఉంటయేమో. నేనెన్నడు జూస్తి? ఇంటి ముంగట తిరిగే పిట్టలను ఎవలు జూస్తరు?”

“మేం పోంగనె గవి గూడ పోతయనుకున్న.”

“నీతోని పుణెకొస్తయా, బస్సుల టికెట్ దీస్కొని?” సుభద్రమ్మ నవ్వింది. “పిట్టలను జూసుడె పనైతె నాతోని చేనుకు రా. ఇద్దరం డబ్బా కొడితె జర తొందరగ లేస్తయి.”

నర్సమ్మ చేతులు కడుక్కుని, కొంగు నడుముకు చుట్టుకుని వెంట నడిచింది.

చేను ఊరు దాటగానే ఉంది. దూరాన ఘణపూర్ కోటగుట్ట మీద పొగమంచు ఇంకా విడిపోలేదు. జొన్నకంకులు పాలు పోసుకుని గట్టిపడుతున్నాయి. గట్టు మీదికి ఎక్కగానే చేను చేనంతా కదిలినట్టయింది. సుభద్రమ్మ డబ్బా మీద కట్టెతో గట్టిగా కొట్టింది. వందల పిట్టలు ఒక్కసారిగా లేచాయి. లేచి, దులిపిన దుప్పటిలా గాలిలో మడతపడి, మళ్ళీ విచ్చుకుని, గట్టు మీది తుమ్మచెట్ల మీద వాలాయి. ఆకు కనబడకుండా కొమ్మలన్నీ నిండిపోయాయి.

గోరింకలే అనుకుంది నర్సమ్మ మొదట. దగ్గరికి వెళ్ళి చూస్తే కావు. తల, రెక్కలు నల్లగా ఉన్నాయి కానీ వీపు, పొట్ట ఉతికి ఉతికి వెలిసిన గులాబిరంగు చీరలా ఉన్నాయి.

“ఇవెక్కడియి అక్కా? ఎన్నడు జూడలె.”

“ఎట్ల జూస్తవు? నువ్వు పోయినంకనె గద ఇవి వచ్చేది. జొన్న ఇంటికి రాంగనె పోతయి. నువ్వొచ్చెటాలకు ఒక్కటి గూడ ఉండదు.” సుభద్రమ్మ మళ్ళీ డబ్బా కొట్టింది. “మా హరీష్ ఫోన్ల జూసి చెప్పిండు, ఎన్నో దేశాలు దాటి వస్తయంట. మా నాయిన దినాలల్ల గూడ వచ్చేటియి. అప్పుడు గూడ గిట్లనె డబ్బాలు కొట్టేటోళ్ళం.”

నర్సమ్మ చేనుకు అటు చివర నిలబడి మధ్యాహ్నం దాకా కేకలు వేసింది. చేతులు నొప్పి పుట్టినప్పుడల్లా ఆగి తుమ్మచెట్ల వైపు చూసేది. తను లేని ఊళ్ళోకి వచ్చి, తనకు ఎదురుపడకుండా వెళ్ళిపోయే పిట్టలు ఇన్ని ఉన్నాయా అనిపించింది. తరిమిన కొద్దీ అవి లేచి, ఒక చుట్టు తిరిగి, కొంచెం అవతల వాలుతున్నాయి తప్ప చేను వదలడం లేదు.

ఇద్దరూ తిరిగి వచ్చేసరికి గల్లీలో గడ్డపారల చప్పుడు. నల్లా లైను వాళ్ళు కాల్వ తవ్వుతున్నారు. ఎన్నాళ్ళుగానో అనుకుంటున్న లైను. గల్లీ మొదట్లో ఉన్న బోరింగు తప్ప ఈ వైపు ఇళ్ళకు వేరే నీళ్ళు లేవు. ఆ నీళ్ళు కూడా ఉప్పన. నర్సమ్మ సంతోషంగా కాల్వ వెంబడే నడిచింది. కాల్వ సుభద్రమ్మ గేటు దగ్గర ఆగిపోయింది. అక్కడ మట్టి చదును చేసి, కూలీలు పారలు గోడకు ఆనించి బీడీలు ముట్టించారు.

“ఇంక నా ఇల్లుంది గద తమ్మీ,” అంది నర్సమ్మ.

ముఠాను నడిపించే కుర్రవాడు శేఖర్. లింగాల వైపు నుంచి వచ్చాడు. ఆమె చూపించిన వైపు చూసి బుర్ర గోక్కున్నాడు. “మెంబరు జూపిచ్చిన కాడికే తవ్వినమక్కా. ఆఖరి ఇల్లు తాళమేసి ఉంటదన్నడు.”

“తాళమేడుంది? నేను నీ ముంగట్నె నిలబడ్డ గద.”

“నాకేం తెల్వదక్కా. ఆయన్నె అడుగు.”

నర్సమ్మ సుభద్రమ్మ వైపు తిరిగింది. సుభద్రమ్మ గేటు గొళ్ళెం తీస్తోంది. అది పట్టేసినట్టు రెండుసార్లు గుంజింది. “పొద్దువోయింది, బర్రెకు నీళ్ళు వెట్టాలె,” అని లోపలికి వెళ్ళిపోయింది.

*

సాయంత్రం మాసయ్య ఫోను చేశాడు. వెనకనుంచి కాంక్రీటు మిషను చప్పుడు.

“ఆదివారం బస్సుకు సీటు చెప్పిన. ఎన్క సీటు కాదు, నడుమ. ఆలుమొగల జోడి లేనోన్ని యాడ పెట్టాల్నో తెల్వక మేస్త్రి రోజుకొక కాడికి పంపుతుండు. జల్ది రా.”

“వస్త గని, ఈడ నల్లా లైను ఏస్తుండ్రు. మనింటికి ఎయ్యరంట.”

“ఎందుకంట?”

“తాళమేసి ఉంటదంట.”

“ఉంటది గద మరి. వాళ్ళన్నదాంట్ల తప్పేముంది?”

నర్సమ్మ మెట్టు మీద కూర్చుని దానిమ్మ చెట్టు వైపు చూసింది.

“ఏమయ్యా, మనింటి పికిలిపిట్టలు యాడికి పోలేదు.”

“ఏంది?”

“మనతోని వస్తయనుకున్నం గద. రావు. చలికాలమంత ఈడనే ఉన్నయి. ఇప్పుడు గూడు గూడ కడుతున్నయి.”

“మరి ఈడ తుమ్మచెట్టు మీద కూస్తున్నయేంది?”

“గవి ఆడియే.”

అటువైపు మిషను ఆగింది. ఎవరో మరాఠీలో అరుస్తున్నారు. మాసయ్య గొంతు తగ్గింది. “గదేందే. మనియే అనుకొని నేను దినాం అన్నం ముద్ద ఏస్తున్న వాటికి.”

“ఎయ్యి. ఏస్తె ఏమైతది,” అంది నర్సమ్మ.

*

పొద్దున్నే వార్డు మెంబరు వెంకటన్న ఇంటికి వెళ్ళింది. ఆయన ట్రాక్టరు ముందు చక్రం విప్పి, నూనె చేతులతో కూర్చుని ఉన్నాడు. చెడ్డవాడు కాదు. ఎవరింట్లో చావు జరిగినా ముందు వచ్చి నిలబడతాడు. ఆమెను చూసి పక్కన స్టూలు చూపించాడు. ఆమె కూర్చోలేదు.

“చెల్లె, నువ్వడుగుడు మంచిగనే ఉంది. కని జర ఆలోచన చెయ్యి,” అన్నాడు బోల్టులు డబ్బాలో వేస్తూ. “తాళమేసిన ఇంట్ల నల్లా లీకైతె ఎవలు జూడాలె? నీళ్ళన్ని గల్లీల పారుతయి. ఊర్లె ఉండెటోళ్ళకు ముందు ఇయ్యాలె గద.”

“నేను ఊర్లెనే ఉన్న గదన్నా.”

“ఆదివారం పోతున్నవంట గద.” తలెత్తి నవ్వాడు. “పోనని చెప్పు. ఎండకాలం గూడ ఈడనే ఉంటనని ఒక్క మాట చెప్పు. ఇప్పుడే ఏపిస్త. మళ్ళ ఎవలడుగుతరు?”

ఒక్క మాట. ‘ఉంట’ అంటే అయిపోతుంది. ఆదివారం తాళం వేసి పోయినా ఎవరూ పైపు పీక్కుపోరు. ఆయన కూడా ఆ దారి చూపిస్తున్నాడని ఆమెకు అర్థమైంది. మాట నోటిదాకా వచ్చింది. వచ్చి అక్కడే నిలిచిపోయింది.

“పోయొస్తనన్నా,” అని వెనక్కి తిరిగింది.

గల్లీలోకి వచ్చాక, నిన్న కంగారులో చూడనిది ఇవాళ కనిపించింది. సుభద్రమ్మ ఇంటికి ఇవతల ఆమె కొడుకు హరీష్ కట్టుకున్న ఇల్లుంది. హరీష్ వనపర్తిలో ఎరువుల దుకాణం పెట్టుకుని అక్కడే కాపురం ఉంటున్నాడు. గేటుకు వేసిన తాళానికీ ఇనప చువ్వలకూ మధ్య సాలెగూడు. గేటు పక్కన నేలలోంచి కొత్త నీలం పైపు నిలువుగా లేచి ఉంది. మట్టి పోకుండా దాని మూతికి ప్లాస్టిక్ కవరు కట్టారు.

నర్సమ్మ అక్కడ నిలబడి ఆ కవరు గాలికి ఊగడం చూసింది. పక్కనే తన గేటు లోపల సుభద్రమ్మ చాటతో పాత జొన్నలు చెరుగుతోంది. ఇద్దరి చూపులూ కలిశాయి. సుభద్రమ్మ చాటలోకి చూసుకుంది. నర్సమ్మ ముందుకు నడిచింది. కాన్పు రోజు ఆసుపత్రికి ఆటో పిలిపించింది సుభద్రమ్మే. బాలింతకు నెయ్యి పంపింది కూడా ఆమే.

ఇంటికి వెళ్ళి తలుపు వెనక ఉన్న గడ్డపార తీసుకుంది. పార, తట్ట కూడా. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, సుభద్రమ్మ గేటు ముందు కాల్వ ఆగిన చోట మొదటి దెబ్బ వేసింది.

పై మట్టి తేలిగ్గా వచ్చింది. కింద మొరం. గడ్డపార మొనను కొంచెం వాలుగా దించి, పక్కకు ఒత్తి, పెళ్ళ లేపి పారతో ఎత్తి ఒక వైపే పోసుకుంటూ వెళ్ళింది. కాల్వ అంచు మీద మట్టి పడితే మళ్ళీ లోపలికే జారుతుంది. అందుకని కాస్త దూరంగా పోసింది. గల్లీ మొదట్లో పైపులు అతికిస్తున్న కూలీలు ముందు నవ్వుకున్నారు. తర్వాత ఒకడు లేచి వచ్చి చూశాడు. ఇంకాసేపటికి శేఖర్ వచ్చాడు.

“అక్కా, నువ్వు తవ్వినా నేను పైపు ఎయ్యలేను. నా మీదికొస్తది.”

“నిన్ను ఎయ్యమన్ననా? నా ఇంటికాడ నేను తవ్వుకుంటున్న.”

అతను కాసేపు నిలబడి, నీళ్ళ సీసా కాల్వ గట్టు మీద పెట్టి వెళ్ళాడు.

మధ్యాహ్నానికి వాకిట్లోకి చేరింది. నేరుగా పోతే కాల్వ దానిమ్మ చెట్టు మొదలు పక్క నుంచే పోవాలి. ఆమె గడ్డపార ఎత్తి, దించకుండా ఆగింది. గూట్లోంచి నల్లకుచ్చు ఒకటి బయటికి కనిపిస్తోంది. ఇంత చప్పుడుకూ పిట్ట లేవలేదు, మెడ మాత్రం తిప్పి చూసింది. నర్సమ్మ రెండడుగులు వెనక్కి వచ్చి, చెట్టుకు దూరంగా వంపు తీసుకుని తవ్వడం మొదలుపెట్టింది.

“సీదా తవ్వితె దగ్గర గదక్కా,” అన్నాడు మళ్ళీ వచ్చిన శేఖర్.

“వేర్లు తెగుతయి. పిట్ట గూట్ల కూసుంది.”

“నువ్వు పోయినంక అదేమైతదో నీకేం తెల్సు?”

“ఈడనే ఉంటది,” అంది నర్సమ్మ పార తీసుకుంటూ. “గది తెల్సు.”

*

ఎవరు చెప్పారో గానీ, ఎండ వాలేసరికి వెంకటన్న బండి వేసుకుని వచ్చాడు. గల్లీలో ఆడవాళ్ళు తలుపుల దగ్గరికి వచ్చారు. ఆయన బండి దిగకుండానే కాల్వ పొడవునా చూశాడు.

“ఎవలు తవ్వమన్నరు నిన్ను?”

“ఎవలు చెప్పలె.”

“పొద్దుగాలనె చెప్తి గద నీకు. ఉంటనను, ఏపిస్త అని.”

నర్సమ్మ గడ్డపార నేలకు గుచ్చి దాని మీద చేతులు ఆనించింది. అరచేతుల్లో బొబ్బలు లేవలేదు. ఆ చేతులకు అలవాటైన పనే.

“అన్నా, నేను అబద్ధమాడ. ఆదివారం పోత. మిరుగానికి వస్త. మళ్ళ దీపావళికి పోత. పుణెల ఎన్ని గల్లీలల్ల పైపులకు కాల్వలు తవ్విన్నో నాకే యాది లేదు. ఏ ఒక్క ఇంటి నీళ్ళు నాయి కావు. అది నాకు తెల్సు, వాళ్ళకు తెల్సు. ఆడ నాది కాకపాయె. ఈడ గూడ కాదంటె నేను యాడిదాన్ని? పోయినా ఇల్లు నాదే గద. ఓటు ఈడనే ఉండె.”

గొంతు పెంచలేదు.

వెంకటన్న ఇబ్బందిగా కదిలాడు. “నేను కాదన్ననా? కని తాళమున్న ఇండ్లకు వద్దని మనమే అనుకుంటిమి గద. ఒకలకేస్తె ఇంకొకలు అడుగుతరు. నీ ఒక్కదాని కోసం ఎట్ల మార్చాలె?”

నర్సమ్మ చూపు హరీష్ ఇంటి గేటు మీదికి పోయి, వెంటనే కాల్వలోకి దిగింది. చెప్పదలచుకోలేదు. గల్లీలో ఎవరూ చెప్పలేదు. అందరికీ ఆ నీలం పైపు కనిపిస్తూనే ఉంది.

గేటు లోపలి నుంచి అంతా వింటున్న సుభద్రమ్మ చాట కింద పెట్టింది. మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచి, గేటు దాకా వచ్చింది.

“వెంకటన్నా, మా హరీష్ ఇంటికి పైపెందుకేసినవు?”

ఆయన ఆమె వైపు తిరిగాడు. “గది వేరె అక్కా.”

“ఏం వేరె? దానికి తాళం లేదా?”

“ఉంది. గని హరీష్ వస్తడు పోతడు.”

“గీమె గూడ వస్తది పోతది.” సుభద్రమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది. “మా వాడు మొన్న పండుగకు గూడ రాలె. గీమె పోయిన యాడాది వచ్చి ఈ గోడకు మట్టి మెత్తుకుంది. ఎయ్యకుంటె మాది గూడ తియ్యి. ఏస్తె రెండెయ్యి. నేను గీ గేటు కాడ కూసుండి దినాం గీమె మొకం జూడాలె.”

ఎదురింటి ఆవిడ చంకలో పిల్లవాణ్ణి ఇటునుంచి అటు మార్చుకుంది. వెంకటన్న బండి హ్యాండిల్ మీద వేళ్ళతో తడుతూ కూర్చున్నాడు. తర్వాత శేఖర్‌ను పిలిచాడు.

“పైపు మిగిలిందా?”

“మిగిలిందన్నా.”

“ఎయ్యి. ఎందుకొచ్చిన లొల్లి.” బండి తిప్పుతూ ఆగి, కాల్వలో వంపు చూశాడు. “గిదేంది, పాములెక్క తవ్వినవు?”

“జర చెట్టు అడ్డమొచ్చిందన్నా,” అంది నర్సమ్మ.

ఆయన వెళ్ళాక సుభద్రమ్మ తిరిగి చాట దగ్గరికి వెళ్ళింది. నర్సమ్మ కాల్వ దాటి ఆమె దగ్గరికి వచ్చింది.

“నిన్ననే అనాల్సింది,” అంది సుభద్రమ్మ చివరికి, చాటలో రాయి ఏరుతూ. “అనలేకపోతి.”

నర్సమ్మ కూర్చుని, ఆమెతో పాటు రాళ్ళు ఏరసాగింది.

*

శనివారం పొద్దున నీళ్ళు వదిలారు. నల్లా ముందు దగ్గింది, గాలి ఊదింది, ఎర్రటి మట్టినీళ్ళు కక్కింది. కాసేపటికి తేటనీళ్ళు వచ్చాయి. నర్సమ్మ బిందె పెట్టింది. నిండాక తీసి, ఇంకో బిందె పెట్టింది. ఆ తర్వాత నింపడానికి ఇంట్లో గిన్నెలు లేక నల్లా కట్టేసి అక్కడే కూర్చుంది.

సంచీ నిన్ననే సర్దింది. రెండు చీరలు, చద్దరు, పచ్చడి సీసా. బస్సు రేపు. నిన్నటిదాకా పోవడం గురించి ఆమెకు రెండో ఆలోచన లేదు. పోనని చెప్పమని వెంకటన్న అడిగినప్పుడు కూడా లేదు. ఇప్పుడు ఉండమని ఎవరూ అనడం లేదు, ఉంటేనే ఇస్తామని ఎవరూ బెదిరించడం లేదు. ఇలా ఏ షరతూ లేకుండా తన వాకిట్లో తను కూర్చున్నాక, ఎండాకాలంలో ఈ వాకిలి ఎట్లా ఉంటుందో అని మొదటిసారి అనిపించింది. నీడ ఏ వైపు పడుతుంది? దానిమ్మ ఎప్పుడు పూస్తుంది? గూట్లో పిల్లలు పుట్టి ఎగిరిపోయాక పెద్ద పిట్టలు ఏం చేస్తాయి?

“అక్కా, పల్లికాయ పీకుడు ఎప్పుడు మొదలైతది?” గోడ మీదుగా అడిగింది.

“వచ్చే వారం. మనుషులు దొరుకుతలేరు. ఎందుకే?”

నర్సమ్మ జవాబు చెప్పకుండా లోపలికి వెళ్ళి సంచీలోంచి చీరలు తీసి దండెం మీద వేసింది. తర్వాత మాసయ్యకు ఫోను చేసింది.

“సంచి కట్టినవా?” అన్నాడతను.

“కట్టిన. మళ్ళ ఇప్పిన. ఈసారి నేను రానయ్యా.”

“ఏమైంది? నల్లా ఎయ్యలేదా?”

“ఏసిండ్రు. నీళ్ళు గూడ వచ్చినయి.”

“మరి?”

“ఉండాలనిపిచ్చింది. సుభద్రమ్మక్క చేన్ల పని ఉంది.”

అతను కోప్పడతాడని ఆమె ఎదురుచూసింది. కోప్పడలేదు. పక్కనెవరో తట్టల లెక్క అడిగితే, ఆగమన్నాడు.

“మేస్త్రికి ఏం చెప్పాలె మరి?”

“నా పెండ్లాం ఇంటికాడ ఉందని చెప్పు.”

ఆ మాట తన నోటితో ఎప్పుడైనా అన్నాడో లేదో వెతుక్కుంటున్నట్టు మాసయ్య దాన్ని మెల్లగా తిరిగి అన్నాడు. తర్వాత, పూర్తిగా వేరే గొంతుతో అడిగాడు.

“నీళ్ళెట్లున్నయే? బోరింగు నీళ్ళ లెక్క ఉప్పగున్నయా?”

నర్సమ్మ బిందెలోకి చూసింది.

“నువ్వే వచ్చి తాగి జూడు,” అంది.

అటువైపు మిషను మళ్ళీ మొదలైంది. మాసయ్య ఫోను పెట్టెయ్యలేదు.